కడుపునొప్పి తాళలేక

జిల్లా సంచికల్లో ఒక వాక్యం నాకు తెలిసి నలభైయేళ్ళుగా మారలేదు: "కడుపునొప్పి తాళలేక విద్యార్థిని ఆత్మహత్యాయత్నం." ఊరి పేరు మారుతుంది. వయస్సు పదిహేనుకూ పద్దెనిమిదికీ నడుమ ఎక్కడో ఉంటుంది. కడుపునొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

భాషాప్రవీణ చదివి, ముప్పైమూడేళ్ళు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాణ్ణి. అరిగిపోయిన వాక్యం కంటబడితే దాని లోపల ఏమున్నదో చూడకుండా ఉండలేను. గంగలో పల్లె ఉన్నదంటే గంగ ఒడ్డున ఉన్నదని గ్రహించమని అలంకారశాస్త్రం చెబుతుంది, అది లక్షణ. ఈ కడుపునొప్పి కూడా అటువంటిదే. పరీక్ష తప్పడం, ప్రేమ, హాస్టల్లో అవమానం, తండ్రి చేయి చేసుకోవడం, పేరు పెట్టలేని దిగులు, ఇవన్నీ ఆ ఒక్క మాటలో ఇమిడిపోతాయి. వ్రాసే విలేఖరికి తెలుసు. స్టేషనులో నమోదు చేసే రైటరుకు తెలుసు. ఊరంతటికీ తెలుసు. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకొన్నారు. అవే పట్టికల్లో, అన్ని వయస్సులవారికీ కలిపి, కారణాల వరుసలో కుటుంబ సమస్యల తరువాతి స్థానం అనారోగ్యానిది. ఆ అనారోగ్యంలో కొంతైనా మన కడుపునొప్పి కలిసి ఉండదా అని నా అనుమానం.

పోయినవారి విషయంలో ఆ మాట ఇంటి పరువును కాపాడుతుందంటే, సరే, దుఃఖంలో ఉన్నవారిని తప్పుపట్టడం నాకు చేతకాదు. కానీ ఇంకా ఊపిరితో ఉన్న బిడ్డను ఆసుపత్రికి మోసుకొని వెళ్ళి, అక్కడి వైద్యుడితో కూడా అదే కడుపునొప్పి చెప్పేవారున్నారు. ఈ టపా వారిని ఉద్దేశించి.

రెండేళ్ళ క్రిందటి సంగతి చెబుతాను. ఆ పిల్ల అనుమతితోనే వ్రాస్తున్నాను, ఎవరో పోల్చుకోవడానికి వీలులేకుండా కొన్ని వివరాలు మార్చాను. నా పూర్వవిద్యార్థి ఒకడు ఇందుకూరుపేట వైపు, సముద్రానికి దగ్గరి పల్లెలో రొయ్యల గుంటలు చేస్తున్నాడు. కూతురు నెల్లూరులో హాస్టలులో ఉండి ఇంటర్మీడియట్ చదివేది. సెలవులకు ఇంటికి వచ్చి, ఒకనాటి తెల్లవారుజామున తన అవ్వ మాత్రలు మింగింది. అవ్వకు చక్కెరవ్యాధి; అరికాళ్ళ మంటలకు డాక్టరు వ్రాసిచ్చిన మాత్రలవి. ఇంట్లో వాటిని 'నరాల మాత్రలు' అనేవారు. ఆ మాత్రలు కుంగుబాటుకు వాడే పాతతరం మందు అని ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. మధుమేహం వలన కలిగే నరాల నొప్పికీ, పార్శ్వపు నొప్పికీ ఆ మందును చిన్న మోతాదులో ఇవ్వడం సర్వసాధారణం. అందువలన మనసు వైద్యుడి గడప ఎన్నడూ తొక్కని ఇళ్ళల్లో కూడా, కిటికీ గూట్లోనో దేవుడి పటం వెనుకనో ఆ మందు ఉంటుంది.

చూసినవెంటనే అందరూ చేసేదే వారూ చేశారు. ఉప్పునీళ్ళు తాగించి కక్కించబోయారు. పిమ్మట ఊళ్ళోని ఆర్.ఎం.పి. వచ్చి సెలైను పెట్టాడు. గంటన్నర గడిచింది. ఆటోలో మండల కేంద్రానికీ, అక్కడినుంచి నెల్లూరుకూ. దారి పొడవునా తండ్రి చెప్పిన కథ ఒకటే: రాత్రి తిన్నది పడలేదు, కడుపునొప్పి, వాంతులు. నెల్లూరు చేరేసరికి పిల్ల మగతలో ఉన్నది. నోరు ఎండిపోయి, కంటిపాపలు పెద్దవై, నాడి పరుగెడుతున్నది. డ్యూటీలో ఉన్న డాక్టరు చిన్నమ్మాయి, ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. ఈసీజీ కాగితం చూసి, "ఇంట్లో ఎవరైనా నరాలకుగానీ నిద్రకుగానీ మాత్రలు వాడుతున్నారా?" అని అడిగింది. తండ్రి లేదన్నాడు. రెండోసారీ లేదన్నాడు. వెనక నిలబడిన అవ్వ కొంగుముడి విప్పి ఖాళీ షీటు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "దాచిపెట్టి ఏం జేసుకుంటాం తల్లీ, నా కాళ్ళ మంటల మాత్రలు మింగేసింది పిల్ల" అన్నదట. ఆ సాయంత్రం నేను వెళ్ళినప్పుడు ఐ.సి.యు. బయట బల్లమీద కూర్చొని ఈ మాట నాకు చెప్పింది ఆ అవ్వే.

అక్షరాలు రాని ఆమె ఆ షీటును పారవేయకుండా కొంగున ఎందుకు ముడివేసుకొన్నదో నేను అడగలేదు. చదువుకొన్న కొడుకు తెలిసి దాచినదాన్ని ఆమె ఇచ్చింది.

ఆ షీటు వలన ఏమి జరిగిందో చెప్పాలంటే వైద్యం కొంత చెప్పక తప్పదు. నేను వైద్యుణ్ణి కాను. ఆ డాక్టరు ఓపికగా చెప్పినది, తరువాత చదివి తెలుసుకొన్నది నాకు అర్థమైనంత మేర వ్రాస్తాను. తెలిసినవారు సరిదిద్దవచ్చు.

గుండె కొట్టుకొన్న ప్రతిసారీ దాని కండరంలో ఒక విద్యుత్తరంగం పాకుతుంది. కణాల గోడల్లోని సన్నని ద్వారాల గుండా సోడియం లోపలికి ప్రవేశించడం వలన ఆ తరంగం పుడుతుంది. పాతతరం కుంగుబాటు మందులు మోతాదు మించినప్పుడు ఆ ద్వారాలను అడ్డగిస్తాయి. తరంగం మందగిస్తుంది. ఈసీజీ కాగితం మీద సన్నగా నిక్కి ఉండవలసిన శిఖరం వెడల్పవుతుంది. దానిని క్యూఆర్ఎస్ అంటారు. ఆ వెడల్పును చూసే వైద్యులు ప్రమాదాన్ని అంచనా వేస్తారు. రక్తపోటు పడిపోవడం, మూర్ఛలు రావడం, గుండె లయ తప్పడం, అన్నీ ఆ తరువాతి మెట్లు. చికిత్స వినడానికి ఎంతో మామూలుగా ఉంటుంది. సోడియం బైకార్బొనేట్‌ను నరంలోకి ఎక్కిస్తారు. సోడియం పెరగడం, రక్తంలో క్షారగుణం పెరగడం, ఈ రెండూ కలిసి మందు పట్టును సడలిస్తాయి. మానిటరు మీద ఆ శిఖరం మళ్ళీ సన్నబడటం కళ్ళారా చూడవచ్చునట. (మన వంటసోడా కూడా ఆ పదార్థమే కదా అని ఎవరైనా ఇంట్లో నీళ్ళలో కలిపి తాగించేరు! అది ఐ.సి.యు.లో కొలతలు చూస్తూ నరంలోకి ఎక్కించే మందు.) అవసరమైతే గొంతులోకి గొట్టం వేసి కృత్రిమశ్వాస పెడతారు. మూర్ఛలకు వేరే మందు ఇస్తారు.

కొత్తతరం మందులు గుండె మీద సాధారణంగా ఇంత దెబ్బ తీయవు. వాటితో వచ్చే చిక్కు సెరటోనిన్ అనే రసాయనం మితిమీరడం. వణుకు, చెమటలు, జ్వరం, కాళ్ళు బిగుసుకొని అదరడం దాని లక్షణాలు. ఒళ్ళు చల్లబరచడం, కండరాల బిగువు సడలించే మందులివ్వడం అక్కడి పద్ధతి. ఇక అసలైన నిద్రమాత్రలకు ప్రత్యేకమైన విరుగుడు ఒకటున్నది. కానీ పాతతరం కుంగుబాటు మందు కూడా మింగినవారికి ఆ విరుగుడు ఇస్తే మూర్ఛలు పుట్టవచ్చు. మన ఇళ్ళల్లో మనసుకు సంబంధించిన ప్రతి మాత్రనూ 'నిద్రమాత్ర' అనే అంటాము. తెలుగు పండితుడికి అది పదదోషంగా కనబడుతుంది, సవరించి ఊరుకొంటాడు. ఐ.సి.యు.లో ఆ పదదోషం రోగిని వేరే దారి పట్టించగలదు.

మొదటి గంట సంగతి కూడా చెప్పాలి. కడుపులోని మందును పీల్చుకొనే ప్రత్యేకమైన బొగ్గుపొడి ఒకటి ఆసుపత్రుల్లో ఉంటుంది. మింగిన గంటలోపల, రోగి తెలివిలో ఉన్నప్పుడు ఇస్తేనే దాని ప్రయోజనం ఎక్కువ. కడుపునొప్పి కథ తినివేసేది ముందుగా ఆ గంటనే. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, చింతపండు రసం, కొన్ని ఊళ్ళల్లో పేడనీళ్ళు తాగించి కక్కించడం ఇంకా దారుణం. మగతలో ఉన్న మనిషి కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉప్పు అతిగా పోతే అదే మరొక విషమవుతుంది. ఇంకొక మోసం ఉన్నది. మింగిన తొలి గంటల్లో పిల్లలు లేచి తిరుగుతారు, మాట్లాడతారు. "ఏమీ కాలేదులే" అని తలుపులు వేసుకొని కూర్చొనే ఇళ్ళు అందుకే ఉన్నాయి. లక్షణాలేవీ కనబడకపోయినా కనీసం ఆరు గంటలు మానిటరు ముందు ఉంచి చూడవలసిందేనని వైద్యులంటారు. వేళకు చేరి, మింగినదేమిటో తెలిసిన పిల్లల్లో అత్యధికులు బ్రతికి బయటపడతారు. ఆ పిల్ల మూడవనాటికి కళ్ళు తెరిచి అవ్వను అడిగింది.

ఇంతకూ ఆ తండ్రి ఎందుకు దాచాడు? మూర్ఖుడు కాడు, లెక్కల్లో నా కళ్ళముందు నూటికి తొంభైలు తెచ్చుకొన్నవాడు. నేను అడిగితే తలవంచుకొని, "కేసవుతుందని భయపడ్డానయ్యోరూ, ఆడపిల్ల" అన్నాడు. ఆ రెండు మాటల్లో రెండు భయాలున్నాయి.

మొదటిది పోలీసు భయం. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ప్రకారం ఆత్మహత్యాయత్నం నేరం. ఏడాది వరకు శిక్ష ఉండేది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. దాని 115వ సెక్షను ప్రకారం అటువంటి యత్నం చేసినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, వేరే విధంగా రుజువైతే తప్ప. వారిని విచారించి శిక్షించరాదు. పైగా వారికి చికిత్స, సంరక్షణ, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత 309 అసలే లేదు. ప్రభుత్వోద్యోగిని విధుల నుంచి నిలువరించడానికి చేసే యత్నాన్ని మాత్రమే వేరుగా నేరమన్నారు. ఇంట్లో మాత్రలు మింగిన పిల్లకు దానితో సంబంధం లేదు. ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళ్ళడం ఇప్పటికీ ఉన్నది, ఎవరో ఒకరు వచ్చి నాలుగు ప్రశ్నలు అడిగి వ్రాసుకొంటారు. దానికి జంకి పిల్ల ప్రాణం మీదికి తెచ్చుకోనక్కరలేదు. పోలీసు కాగితాలు పూర్తయ్యేదాకా వైద్యం ఆపరాదని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో, స్పష్టంగా చెప్పింది.

ఇంత పెద్ద మార్పు జరిగితే మన పల్లెల్లో ఒక్క గోడమీద అయినా ఆ సంగతి వ్రాసి ఉన్నదా? మైపాడు దారిలో నాకు రొయ్యల మేత ప్రకటనలు కనబడ్డాయి, ఇంటర్ ర్యాంకుల ఫోటోలు కనబడ్డాయి. ఇది కనబడలేదు.

రెండవది పరువు భయం. దీనికి చట్టం లేదు. మనవాళ్ళు దీనికి పురాణాన్ని అడ్డుపెడతారు. ప్రాణానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు బొంకినా పాపం లేదని శుక్రాచార్యుడు బలికి చెప్పిన ఉపదేశం తెలుగునాట పద్యం రానివారికి కూడా తెలుసు. దానిని పెళ్ళిమాటల్లోనూ వాడతారు, ఆసుపత్రిలోనూ వాడతారు. ఆ ఉపదేశం వామనచరిత్రలో ఉన్నమాట నిజమే. దానిని విన్న బలి అంగీకరించలేదన్నదీ ఆ కథలోనే ఉన్నది. అది అటుంచినా, శుక్రుడి జాబితాలో ప్రాణమూ మానమూ ఒకే వైపున ఉన్నాయి. ఐ.సి.యు. వాకిట్లో అవి రెండూ ఎదురుబొదురుగా నిలుస్తాయి. మానం కోసం ఆడిన బొంకు అక్కడ ప్రాణాన్ని తీస్తుంది. అప్పుడు ఏది మిన్న అన్న ప్రశ్నకు ఆ అవ్వ ఇచ్చిన సమాధానాన్ని మించి శాస్త్రచర్చ నాకు తోచదు.

ఒక మిత్రుడు నాతో వాదించాడు: "నిజం చెబితే రేపు ఆ పిల్లకు సంబంధం ఎవరు తెస్తారు? నీకేం, వ్రాసేస్తావు." కొట్టిపారవేసే మాట కాదు. ఊళ్ళో నోళ్ళు మూయించే ఉపాయం నా దగ్గర లేదు. అయితే వైద్యుడికి చెప్పడం వేరు, ఊరికి చెప్పడం వేరు. రోగి సంగతి గోప్యంగా ఉంచవలసిన విధి వైద్యుడికి ఉన్నది, ఆ 2017 చట్టంలోనూ ఉన్నది. పత్రికలకు పేర్లూ ఫోటోలూ ఎక్కడం మరొక బాధ. 2019లో ప్రెస్ కౌన్సిల్ ఈ విషయంలో నియమాలు చేసింది. మన జిల్లా పుటలు వాటిని ఎంత పాటిస్తున్నవో చదివేవారికి తెలుసు.

ఐ.సి.యు. నుంచి వచ్చిన తరువాత జరగవలసినదే మనవద్ద జరగదు. గుండె సరిపడింది, గొట్టం తీశారు, ఇక బిల్లు కట్టి ఇంటికి. మానసిక వైద్యుడు రేపు వస్తాడన్నా ఆగరు. 'పిచ్చి డాక్టరు' మా పిల్లకెందుకంటారు. ఒకసారి యత్నించినవారికి మళ్ళీ ఆ ప్రమాదం ఎక్కువగా ఉండేది తరువాతి వారాల్లోనూ నెలల్లోనే. గుండెకు ఇన్ని గంటల కాపలా పెట్టినవాళ్ళు మనసుకు ఒక్క గంట పెట్టరు. నా విద్యార్థి కూడా వెళ్ళిపోబోయాడు. అతన్ని ఆపినది నేనని చెప్పుకోను; ఆ చిన్నడాక్టరే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టకుండా ఒక రోజు ఆలస్యం చేసింది. ఆ రోజున ఆ పిల్ల ఎవరో అపరిచితురాలితో రెండు గంటలు మాట్లాడింది. ఏమి మాట్లాడిందో ఈనాటికీ ఇంట్లో తెలియదు, తెలియనక్కరలేదు కూడా.

అక్కడ ఆ పిల్లకు కుంగుబాటు మందే వ్రాశారు, కొత్తతరంది. తండ్రి హతాశుడయ్యాడు. మింగి చావబోయిన జాతి మందునే మళ్ళీ ఇస్తారా అని. అతని ఆందోళన నాకు అర్థమైంది కానీ, ఈ మందులను భూతంగా చూపడం నాకు సమ్మతం కాదు. పద్దెనిమిదేళ్ళలోపువారిలో ఈ మందులు ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చునని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటి కాగితాల మీద నల్లగళ్ళ హెచ్చరిక వేయించింది. 2007లో దానిని ఇరవైనాలుగేళ్ళవారి వరకు పొడిగించింది. అందులోని సారం, మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు పిల్లలను కనిపెట్టి ఉండమని. మానివేయమని కాదు. కుంగుబాటును వదిలివేయడం కూడా ప్రమాదమే. డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే వేరే ఇబ్బందులు వస్తాయి. చేయదగినది సామాన్యమైన పని: మందులు తాళం పెట్టెలో ఉంచడం, ఏ పూటకు ఆ పూట పెద్దవారి చేతితో ఇవ్వడం, మందులషాపులో నెలకు సరిపడా ఒకేసారి తెచ్చుకోకుండా వారానికి తెచ్చుకోవడం. అవ్వల, తాతల మాత్రలూ ఆ పెట్టెలోనే. తాళం ఏమి ఆపుతుందని నవ్వేవారికి రెండు దేశాల సంగతి చెబుతాను. 1998లో బ్రిటనులో పారాసిటమాల్ మాత్రలు ఒకసారికి అమ్మే సంఖ్యకు పరిమితి పెట్టిన తరువాత ఆ మాత్రలతో మరణాలు తగ్గాయి. మనకు సముద్రం అవతలనున్న శ్రీలంకలో ఘోరమైన పురుగుమందులను ఒకదాని తరువాత ఒకటిగా నిషేధించగా, 1995 తరువాత మొత్తం ఆత్మహత్యలే సగానికి మించి పడిపోయాయి. ఆ ఘడియ దాటితే చాలామంది దాటిపోతారు.

పరీక్షల ఊసెత్తకుండా ఒక ఉపాధ్యాయుడు ఈ విషయం వ్రాయలేడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతో వచ్చినప్పుడు ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ ఫలితాల్లోనే ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని చూపించారు. తిరిగి చూస్తే తొంభై తొమ్మిది. తెలుగు జవాబు పత్రాలు వేలకొద్దీ దిద్దిన నాకు ఆ వార్త చదివినరోజు అన్నం సహించలేదు. ఆ అమ్మాయి నిలబడింది. సున్నా వచ్చిన ప్రతి పిల్లా తిరిగి చూడమని అడిగేటంత ధైర్యంతో ఉండదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో మరణించిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. నూరుగురు, ఆ పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన సలహాదారు ఒకరు ఉండాలని, సహాయ దూరవాణి సంఖ్యలు హాస్టళ్ళలో కనబడేట్లు వ్రాయాలని అందులో ఉన్నది. నెల్లూరు హాస్టళ్ళలో చదివే పిల్లలున్న మిత్రులు ఈసారి వెళ్ళినప్పుడు గోడలు చూసి రండి.

ఆ సంఖ్యలు ఇక్కడా వ్రాస్తాను. ప్రభుత్వ మానసిక సహాయ సేవ టెలిమానస్ 14416. 2022 అక్టోబరు నుంచి ఉన్నది, రాత్రింబవళ్ళు పలుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. మింగినవారు ఎదురుగా ఉంటే 108. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117. బయలుదేరేటప్పుడు ఖాళీ షీట్లూ, సీసాలూ, ఇంట్లోని మందుల చీటీలూ అన్నీ సంచిలో వేసుకొని వెళ్ళండి. ఎన్నింటికి మింగారో గుర్తుంటే వ్రాసుకోండి.

చివరిగా నా వృత్తికి సంబంధించిన సందేహం ఒకటి. ఈ మందులకు తెలుగులో ఏమి పేరు పెట్టాలి? 'విషాదనివారిణి' అని ఒకచోట చూశాను. పద్యంలో ఇమిడే మాటే గానీ, మందులషాపు ముందు నిలబడి ఎవరూ అడగలేరు. 'వ్యాకులతాహరం' అంతకన్నా బరువు. నేను ఈ టపాలో 'కుంగుబాటు మందు' అన్నాను. కుంగుబాటుకు వాడని అవ్వకు ఆ పేరు నప్పదు, నిజమే. అయినా చీటీ మీద ఇంగ్లీషు పేరు క్రింద తెలుగులో ఒక్క మాట ఉంటే, ఆ పెట్టె మీద తాళం పడుతుందేమో. మీ మీ ఊళ్ళల్లో ఈ మాత్రలను ఏమంటారో తెలిస్తే వ్యాఖ్యల్లో వ్రాయండి. గోదావరి వైపు, రాయలసీమలో వేరే మాటలు ఉండవచ్చు. నెల్లూరులో మాకు తెలిసినవి రెండే: నరాల మాత్ర, నిద్రమాత్ర.